షేర్ చేస్తే కూలి ఇచ్చినట్టేనా?



"సార్, నా పాట నాకే ఆపిండ్రు."

పోయిన నెల ఒక రాత్రి పదకొండున్నరకు వచ్చిన ఫోన్ ఇది. మా కాలేజీలో డిగ్రీ చదివిన అమ్మాయి. పేరు రాయను, కామెంట్లలో అడగకండి. మాదిగవాడ బిడ్డ. తల్లి నాట్లు వేసే కూలి. ఆ తల్లి మీదే పాట కట్టింది. మొదటి చరణంలో బురద, నాట్లు. రెండో చరణంలో తల్లి చేతుల పగుళ్ళు. మూడో చరణంలో కూలి డబ్బులు చేతికి ఇవ్వకుండా, ఎక్కడ తగులుతుందోనని పైనుంచి కొంగులో జారవిడిచే దొరసాని.

ఒక యూట్యూబ్ చానల్ వాళ్ళు పిలిచారు. తమ స్టూడియోలో పాడించారు. ఐదు వేలు ఇచ్చారు. ఇంగ్లిష్‌లో ఉన్న రెండు పేజీల కాగితం మీద సంతకం తీసుకున్నారు. పాట విడుదలయ్యాక చూస్తే మూడో చరణం లేదు. అడిగితే "అది ఉంటే కామెంట్లల్ల లొల్లయితదమ్మా, రీచ్ పడిపోతది" అన్నారట. పాట లక్షల వ్యూస్ దాటింది. పల్లవి ముక్క పెళ్ళి బరాత్ రీల్స్‌లోకి ఎక్కింది. తల్లి పగుళ్ళ మీద కట్టిన పాటకు ఎవరి పెళ్ళిలోనో ఎవరో చిందులేస్తున్నారు. ఈమె ఫోన్‌లోకి కూడా ఆ రీల్స్ వచ్చాయి.

చివరికి ఓపిక పట్టలేక, స్టూడియో కుర్రాడిని బతిమాలి పూర్తి రికార్డింగ్ తీసుకుని, మూడు చరణాలతో తన సొంత చానల్‌లో పెట్టింది. పెట్టిన కాసేపటికే ఆగిపోయింది. హక్కులు వేరేవాళ్ళవని నోటీసు. అదీ ఆ ఫోన్.

ఇందులో నా వాటా కూడా చెప్పాలి. ఆ కాగితం సంతకం పెట్టకముందు నాకు వాట్సాప్‌లో పంపింది. నేను క్లాసులో ఉన్నాను. తెరవకుండానే "కంగ్రాట్స్ రా తల్లీ, దూసుకుపో" అని పెట్టాను. దళిత పాట మీద నాలుగు వందల పేజీల థీసిస్ రాసినవాడిని, రెండు పేజీల కాగితం చదవలేదు. పాట వచ్చాక మాత్రం గర్వంగా షేర్ చేశాను. నా గోడ మీద ఆ పోస్టుకు వచ్చిన లైకులు మీలో చాలామందివే.

ఈ వారం భాగం ఆ సిగ్గు నుంచి రాస్తున్నాను.

*

సొంతంగా పాటలు చేసుకునేవాళ్ళలో ఇప్పుడు ఒక ప్రశ్న నలుగుతోంది. రోజూ పోస్టులు, రోజూ రీల్స్, ఇంత ప్రచారం చేసుకుంటున్నాం కదా, మాకు వచ్చిందేమిటి? ర్యాప్ చేసే పిల్లలు అడుగుతున్నారు, జానపదం పాడేవాళ్ళు అడుగుతున్నారు, డప్పు బృందాలు అడుగుతున్నాయి.

దీనికి మార్కెట్లో రెండు జవాబులు దొరుకుతున్నాయి. మొదటిది కోచింగ్ గురువులది: "నీకు రాలేదంటే నువ్వు సరిగ్గా పెట్టలేదు. రోజుకు మూడు పెట్టు, మొదటి మూడు సెకన్లలో పట్టుకో." రెండోది నగరాల్లో గిటార్ పట్టుకున్న సన్యాసులది: "అల్గారిదమ్ కళను చంపుతోంది. నేను అకౌంట్ మూసేస్తున్నా. మీరూ బయటికి రండి."

నాకు రెండూ అబద్ధంగానే కనిపిస్తాయి.

రెండోదానితో మొదలుపెడతాను, ఎందుకంటే అది విప్లవంలా వినిపిస్తుంది. అకౌంట్ మూసేసిన ఆ మిత్రుడికి సభలున్నాయి. హాల్ అద్దె కట్టే మేనమామ ఉన్నాడు. పత్రికలో ఇంటర్వ్యూ వేసే క్లాస్‌మేట్ ఉన్నాడు. ఆయన బయటికి వెళ్తే అది విరామం. మనవాళ్ళు బయటికి వెళ్తే అది మాయం కావడం.

1920లో అంబేడ్కర్ 'మూక్‌నాయక్' మొదలుపెట్టినప్పుడు, పత్రిక వస్తోందని ఒక ప్రకటన వేయమని 'కేసరి'ని అడిగారు. ఊరికే కాదు, డబ్బు కడతామన్నారు. కేసరి వేయలేదు. గుర్తుపెట్టుకోండి, మనది డబ్బులిచ్చినా ప్రకటన దొరకని చరిత్ర. 2016 జనవరిలో రోహిత్ వేముల ఉత్తరాన్ని దేశమంతా చదివిందంటే, ఏ ఎడిటర్ అనుమతీ అడగకుండా చేతి నుంచి చేతికి ఫోన్లలో తిరిగింది కాబట్టి. కాబట్టి నన్ను "సోషల్ మీడియా వదిలేయండి" అనేవాళ్ళ లెక్కలో వేయకండి. తలుపు కాస్త తెరుచుకుంది. ఆ మాట కాదనను.

కానీ తలుపు తెరిచినవాడు ఇల్లు రాసివ్వలేదు. నా గొడవ అక్కడ.

*

మా నాయన డప్పు కొట్టి ఊరికి చాటింపు వేసేవాడు. ఫలానా రోజు గ్రామసభ అని. పన్ను కట్టాలని. పటేల్ గారి బర్రె తప్పిపోయిందని. బొడ్రాయి పండుగకు ఇంటికింత వేసుకోవాలని. ఎండలో వాడవాడా తిరిగేవాడు. వార్త ఊరిది, గొంతు ఆయనది. దానికి కూలి లేదు. కల్లం దగ్గర ఇన్ని గింజలు, పండుగ పూట ఇంత అన్నం. దాన్ని 'మర్యాద' అనేవాళ్ళు. మనం దాన్ని సరైన పేరుతో పిలవడానికి తరాలు పట్టింది: వెట్టి.

ఊళ్ళో అందరి వార్తా చాటిన ఆ మనిషి వార్తను ఎవరూ చాటలేదు. ఆయన పోయినరోజు ఆయన డప్పు ఇంట్లో గోడకు వేలాడుతోంది.

ఇప్పుడు ఆ అమ్మాయి దినచర్య చూడండి. పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిది దాకా టౌన్‌లో బట్టల షాపులో నిలబడుతుంది. వచ్చి తిని, రీల్ ఎడిట్ చేస్తుంది. బొమ్మ పెట్టాలి, అక్షరాలు పెట్టాలి, కామెంట్లకు జవాబివ్వాలి, బూతులు డిలీట్ చేయాలి. ఒంటిగంటకు పడుకుంటుంది. "సాధన ఎప్పుడు చేస్తున్నవ్ రా?" అన్నాను. "సాధన ఎక్కడిది సార్. గొంతు కంటే ఎడిటింగ్ ఆప్ ఎక్కువ తెరుస్తున్న" అంది.

ఆమె చేస్తున్న పనేమిటి? చాటింపు. జనాన్ని పోగేస్తోంది. జనం పోగైన చోట కంపెనీ ప్రకటనలు అమ్ముకుంటోంది. డప్పు ఆమెది, సంత వాళ్ళది. నాయనకు గింజలైనా పడ్డాయి. ఈమెకు లైకులు పడుతున్నాయి.

ఎవరైనా అంటారు, యూట్యూబ్ డబ్బులిస్తుంది కదా అని. ఇస్తుంది. లెక్క చెప్తాను. మామూలు వీడియోల మీద ప్రకటనల ఆదాయంలో 55 శాతం చానల్‌కు ఇస్తానంటుంది. కానీ ఆ వాటా మొదలు కావాలంటే 1000 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి, ఏడాదిలో 4000 గంటలు జనం చూసి ఉండాలి, లేదా షార్ట్స్‌కు 90 రోజుల్లో కోటి వ్యూస్ రావాలి. అక్కడిదాకా చేసిన పనంతా ఉచితం. స్పాటిఫై 2024 నుంచి ఇంకో గీత గీసింది. ఏడాదిలో 1000 సార్లు వినబడని పాటకు ఆ రికార్డింగ్ రాయల్టీ పైసా ఉండదు. చిన్న పాటలన్నిటి చిల్లరా పోగై పై పాటల లెక్కలోకి పోతుంది. కల్లంలో రాలిన గింజలు కూడా ఊడ్చుకుపోవడమంటే ఇదే.

ఫేస్‌బుక్ సంగతి మీకు తెలుసు. పేజీ పెట్టమంది. జనాన్ని చేర్చమంది. మనం ఇల్లిల్లూ తిరిగి చేర్చాం. తర్వాత, నువ్వు చేర్చిన ఆ జనానికే నీ పోస్టు చూపించాలంటే డబ్బు కట్టి 'బూస్ట్' చేసుకోమంది. పదివేల మంది ఫాలోవర్లున్న గాయకుడి దగ్గర ఒక్క శ్రోత ఫోన్ నంబర్ కూడా ఉండదు. రేపు అకౌంట్ పోతే పదివేల మందీ పోతారు. వాళ్ళు ఏనాడూ ఆయన మనుషులు కారు.

*

"అందరికీ ఇంతే కదా, ఇందులో కులమెక్కడిది?" అని అడిగేవాళ్ళు సిద్ధంగా ఉంటారని తెలుసు. చెప్తాను.

అల్గారిదమ్‌కు కులం తెలియకపోవచ్చు. కానీ ఏది సాఫీగా పోతుందో తెలుసు. ఎవరికీ కోపం రాని ముక్క సాఫీగా పోతుంది. మన పాటలో బురద పోతుంది, నాట్లు పోతాయి, డప్పు దరువు బ్రహ్మాండంగా పోతుంది. కొంగులో జారవిడిచిన కూలి పోదు. ఆ చరణం కోయమని కంపెనీ ఎవరికీ చెప్పలేదు. చానల్‌వాడే ముందుగా ఊహించి కోశాడు. రేపు మన పిల్లలు రాసేటప్పుడే కోసుకుంటారు. నా అసలు భయం అదే. మూడో చరణం రాయడం రాని తరం ఒకటి తయారవుతుంది. మన దరువు ప్రపంచమంతా మోగుతుంది, మన మాట మాత్రం ఉండదు.

దర్శనం మొగులయ్య గారిని తలుచుకోండి. నాగర్‌కర్నూల్ జిల్లా మనిషి. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే అతి కొద్దిమందిలో ఒకరు. 2021లో 'భీమ్లా నాయక్' సినిమా పాట మొదట్లో ఆయన గొంతు వినిపించింది. కోట్లమంది చూశారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. అదీ వైరల్. 2024 మే నెలలో హైదరాబాద్ శివార్లలో తుర్కయంజాల్ దగ్గర ఇల్లు కట్టేచోట ఆయన కూలిపని చేస్తున్న వీడియో వచ్చింది. అదీ వైరల్. ఆయన పాటా, పతకమూ, కూలిపనీ మూడూ ఒకే తెరమీద, ఒకే వేలితో పైకి జరిపేశాం. ప్రచారం లేక ఆయన కూలికి పోయాడంటే ఎవరైనా నమ్ముతారా? ప్రచారానికి ఆయనకేం తక్కువ? తక్కువైంది ఆ పేరుకూ ఆయన ఇంటి పొయ్యికీ మధ్య దారి.

పక్క రాష్ట్రం చూద్దాం. 2021 మార్చిలో 'ఎంజాయ్ ఎంజామి' వచ్చింది. రాసి, ధీతో కలిసి పాడినవాడు అరివు. అరక్కోణం నుంచి వచ్చిన దళిత యువకుడు. శ్రీలంక తేయాకు తోటల్లో చెమటోడ్చిన తన పెద్దల కథను ఆ పాటలో పెట్టాడు. దేశమంతా పాడుకుంది. ఆ ఏడాది ఆగస్టులో రోలింగ్ స్టోన్ ఇండియా ముఖచిత్రం వేస్తే దానిమీద అరివు లేడు. దర్శకుడు పా. రంజిత్ బహిరంగంగా నిలదీశాక తర్వాత వేరే డిజిటల్ ముఖచిత్రం వేశారు. 2022లో చెన్నైలో చెస్ ఒలింపియాడ్ ప్రారంభంలో ఆ పాట పాడారు. వేదిక మీద అరివు లేడు. ఇక 2024 మార్చిలో సంగీతం చేసిన సంతోష్ నారాయణన్ స్వయంగా, ఆ పాట నుంచి కళాకారులెవరికీ అప్పటిదాకా ఆదాయం రాలేదని చెప్పుకున్నాడు. సినిమాల్లో పేరున్న సంగీత దర్శకుడి పరిస్థితే అది. మరి బట్టల షాపులో నిలబడే అమ్మాయి సంగతి?

*

మళ్ళీ ఆ నోటీసు దగ్గరికి వస్తాను. విద్యార్థులు ఈ భాగం జాగ్రత్తగా చదవాలి.

యూట్యూబ్‌లో కంటెంట్ ఐడీ అని ఒక యంత్రం ఉంది. హక్కుదారుగా నమోదైనవాడు రికార్డింగ్‌ను దానికి అప్పగిస్తాడు. అదే శబ్దం ఇంకెవరు పెట్టినా అది పట్టుకుని ఆపేస్తుంది, లేదా ప్రకటనల డబ్బును నమోదైనవాడికి మళ్ళిస్తుంది. మామూలు గాయకుడు నేరుగా అందులో నమోదు చేసుకోలేడు. బోలెడన్ని రికార్డింగుల హక్కులున్న కంపెనీలకే ఆ వీలు. అంటే పోలీస్‌స్టేషన్ ఉంది, ఫిర్యాదు పుస్తకం మాత్రం ఒకరి చేతిలోనే ఉంది.

కానీ చట్టం అంత గుడ్డిది కాదు. 1957 కాపీరైట్ చట్టాన్ని 2012లో సవరించారు. పాట రాసినవారికీ బాణీ కట్టినవారికీ రాయల్టీలో సమాన వాటా ఉంది. వారసులకూ కాపీరైట్ సొసైటీకీ తప్ప ఆ వాటాను ఇంకెవరికీ వదిలేయడం కుదరదు. వదిలేశానని కాగితం రాసినా ఆ కాగితం చెల్లదు. ఇది 18వ సెక్షన్. హక్కులు బదిలీ కావాలంటే రాతపూర్వకంగా సంతకం ఉండాలి. ఎన్నేళ్ళకో రాయకపోతే 5 ఏళ్ళకే లెక్క. ఏ ప్రాంతానికో రాయకపోతే ఇండియా వరకే. ఇది 19. హక్కులన్నీ అమ్ముకున్నా సరే, 'ఈ పాట నాది' అని చెప్పుకునే హక్కు, నా పరువు పోయేలా నా పాటను నరికితే అడిగే హక్కు పోవు. ఇది 57.

ఆ అమ్మాయి కాగితంలో 'అన్ని హక్కులూ, శాశ్వతంగా, ప్రపంచమంతటా' అని ఉంది. లాయర్ మిత్రుడొకరు చదివి 18, 57 చూపిస్తూ నోటీసు పంపారు. ఇది రాసే రోజుకు జవాబు రాలేదు. గెలిచాం అని రాసే పోస్టు కాదిది.

*

ఇక అసలు మాట. ఇది కంపెనీల మీదా చానళ్ళ మీదా రాసిన పోస్టు అనుకుని లైక్ కొట్టబోతున్నవాళ్ళు ఒక్క నిమిషం ఆగండి.

ఏప్రిల్ 14 వస్తుంది. మన కమిటీలు కూర్చుంటాయి. టెంటుకు ఇంత, మైకుకు ఇంత, ఫ్లెక్సీలకు ఇంత, అతిథుల కారుకు ఇంత, భోజనాలకు ఇంత. డబ్బు పుస్తకంలో పాటగాళ్ళ వరుస ఉంటుందా? నేను పదేళ్ళుగా ఇలాంటి కమిటీల్లో ఉన్నాను. ఏటా అదే మాట విన్నాను, ఒకటి రెండుసార్లు నేనే అన్నాను: "వాళ్ళు మనోళ్ళే కదా, వస్తరు. స్టేజీ ఇస్తున్నం. లైవ్ పెడుతున్నం. పేరొస్తది."

ఫ్లెక్సీవాడు మనోడైనా డబ్బులిస్తాం. మైకువాడు మనోడైనా ఇస్తాం. పాటగాడికి శాలువా. మధ్యాహ్నం నుంచి రాత్రిదాకా, వక్తలు ఆలస్యమైనప్పుడల్లా "ఒక పాట అందుకో తమ్మీ" అని గొంతు అరిగేదాకా పాడించి, చివరికి ఒక శాలువా, ఒక ఫొటో, ఒక ట్యాగ్.

ఇది దొర చేస్తే వెట్టి అన్నాం. కంపెనీ చేస్తే దోపిడీ అన్నాం. మనం చేస్తే ఏమంటాం? ఉద్యమం అంటామా?

పేరొస్తుంది అనే మాట మన దగ్గరే నేర్చుకుంది ఆ పిల్ల. మన మీటింగుల్లో ఐదేళ్ళు ఉచితంగా పాడి పాడి, ఐదు వేలు ఇచ్చినవాడిని దేవుడనుకుంది. ఆ సంతకం చానల్‌వాడు ఒక్కడే పెట్టించలేదు. మనమూ పెట్టించాం.

"పాట అమ్ముకునేది కాదు, ప్రజలది" అని ఒక పెద్దాయన ఫోన్ చేసి కోప్పడతాడని నాకు తెలుసు. నిజమే సార్, పాట ప్రజలదే. కానీ జననాట్యమండలి రోజుల్లో పాటతో పాటు పాటల పుస్తకం తిరిగింది, తర్వాత క్యాసెట్ తిరిగింది. జనం చిల్లర పెట్టి కొన్నారు. పాడేవాడికి ఊరు అన్నం పెట్టింది, పడుకోవడానికి చోటిచ్చింది, పోలీసులొస్తే దాచింది. పాటకూ ఊరికీ మధ్య ఒక లెక్క ఉంది. ఇప్పుడు ఆ లెక్క తీసేసి, ఒక్క త్యాగాన్ని మాత్రం పాటగాడి మీద పెట్టాం.

*

ఏం చేద్దాం అని అడుగుతారు. నాకు తోచినవి చెప్తాను. మీరు కలపండి, కొట్టేయండి.

ఒకటి. కమిటీ డబ్బు పుస్తకంలో మొదటి వరుస పాటగాళ్ళది. ఎంతనేది మీ శక్తి. కానీ మైకు అద్దె కంటే తక్కువ ఉండొద్దు. బస్ చార్జీ దానికి వేరు.

రెండు. గాయకులారా, సోషల్ మీడియాను డప్పులాగే వాడండి. డప్పు పిలవడానికి. పిలిచిన జనం రావాల్సింది మీ దగ్గరికి. ప్రతి సభ చివర ఒక నోట్‌బుక్ తిప్పండి. పేరు, ఊరు, ఫోన్ నంబర్. ఆ నోట్‌బుక్‌లో రెండు వందల మంది, ఫోన్‌లో ఇరవై వేల ఫాలోవర్ల కంటే గట్టి.

మూడు. తెలుగులో రాయని కాగితం మీద సంతకం పెట్టకండి. నాకు పంపండి. ఈసారి చదువుతాను. లా చదివే విద్యార్థులు ఇక్కడ చాలామంది ఉన్నారు, కామెంట్లో మీ జిల్లా పేరు పెట్టండి.

నాలుగు. మీ అసలు రికార్డింగులు మీ దగ్గర రెండు చోట్ల దాచండి. మైస్పేస్ అని ఒకప్పుడు పెద్ద వేదిక ఉండేది. 2016కు ముందు జనం పెట్టిన పాటలు సర్వర్లు మార్చడంలో పోయాయని 2019లో చల్లగా చెప్పింది. ఐదు కోట్ల పాటలని అప్పుడు పత్రికలు రాశాయి. ఎవడి కొట్టంలోనో కట్టేసిన బర్రె మనదెలా అవుతుంది?

ఐదు. రీల్‌కు ఏ ముక్క కావాలో అది ఇవ్వండి, తప్పులేదు. కానీ పాట పూర్తిగా రాయండి. మూడో చరణం రాయండి. అది పాడే చోటు లేదంటే ఆ చోటు చూపించాల్సింది మేము.

పోయిన ఆదివారం మా వాడలో కమ్యూనిటీ హాల్ ముందు ఆ అమ్మాయి కొత్త పాట పాడింది. ఫోన్లు బయట పెట్టించలేదు, ఎవరిష్టం వాళ్ళది. అరవై మంది ఉంటారు. తల్లి ముందు వరుసలో కూర్చుంది. నోట్‌బుక్‌లో నలభై మూడు నంబర్లు వచ్చాయి. చందాలు వేసి రెండు వేల ఆరు వందలు కవర్లో పెట్టి చేతికిచ్చాం. పైనుంచి జారవిడవలేదు.

ఆ కవర్ తీసుకుంటూ ఆమె, "సార్, శాలువా లేదా?" అని నవ్వింది.

ఈ పోస్టు షేర్ చేయొద్దని అనను. చేయండి. కానీ షేర్ చేసే ముందు మీరు ఈ ఏడాది ఉచితంగా పాడించుకున్న ఒక మనిషికి ఫోన్ చేయండి.

జై భీమ్.